రేపు మావ సాక్షి ముక్క

మా దీవిలో, గరాచర్మలో కట్టుకున్న కొత్త ఇంటికి కిటికీలు బిగించి మూడు రోజులైంది. నిన్న ఆదివారం మా అన్న చూడటానికి వచ్చాడు. మేస్త్రి బయటివైపు అద్దం చుట్టూ సందులు మూసే సీలెంట్ పెట్టి, వాన పడుతోందని దాని మీద పాలితిన్ కాగితం పరిచి, నాలుగు అంచులకూ టేపు అంటించి వెళ్ళాడు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు జరిగిన పని అది. టేపు ఒక మూల లేపి బొటనవేలితో నొక్కి చూశాను. పైన గట్టిగానే ఉంది. ఇంకాస్త ఒత్తేసరికి పైపొర చిట్లి వేలు లోపలికి దిగింది. తెల్లటి జిగురు గోరుకు పట్టుకుంది. వెనిగర్ సీసా మూత తీసినట్టు పుల్లటి వాసన గుప్పున కొట్టింది.

మా అన్న పెద్దగా నవ్వాడు.

"ఏటే, రేపు మావ గానీ బతికొచ్చి సేసేడేటి ఈ పని?"

నేను నవ్వలేదు. పదకొండేళ్ళుగా మా అన్న ఈ జోకు వేస్తూనే ఉన్నాడు. కారే కప్పు కనిపించినా, ఊడిన గొట్టం కనిపించినా, చివరికి ఉడకని బంగాళాదుంప కనిపించినా ఇదే జోకు. మావ పోయి రెండేళ్ళయింది, జోకు మాత్రం పోలేదు. అది విన్న ప్రతిసారీ నేను ఏదో పని కల్పించుకుని పక్కకు పోతాను. ఎందుకో మా అన్నకు తెలియదు. తెలిసినవాళ్ళం ఇద్దరమే. అందులో ఒకరు లేరు.

టేపు మూల మళ్ళీ అంటించేసి, టీ పెడతానని లోపలికి వచ్చాను.

మావకు ఒక పేరు ఉండే ఉంటుంది. నేను పుట్టిపెరిగిన చేపల రేవులో ఎవరికీ దాని అవసరం రాలేదు. మాకు రేపు మావ, హిందీవాళ్ళకు 'కల్ వాలే చాచా'. అతని పనల్లా నీళ్ళు రాకూడని చోటికి రాకుండా చూడటం. డోంగీలనే చెక్కపడవల పలకల మధ్య సందులు, రేకుల కప్పులు, మేడల మీద ట్యాంకులు, ఎక్కడ చుక్క కారితే అక్కడ మావ. చిన్నప్పుడు వాళ్ళ నాన్న దగ్గర దూది, గుగ్గిలం, నూనె కలిపి పడవ సందులు పూడ్చడం నేర్చుకున్నాడట. తర్వాత ట్యూబులూ వాటిని నొక్కే గన్నూ వచ్చాయి. పడవలు బాగుచేసేవాడే కానీ పడవ ఎక్కేవాడు కాదు. ఈత రాదు. "నాను అతికినోటిని నానే నమ్మను, నానెక్కడమేటి?" అని తన మీద తనే వేసుకునేవాడు.

పొడుగ్గా, బక్కగా, ఎడమ భుజం కొంచెం జారి ఉండేవాడు. చొక్కా జేబులో సగం బ్లేడు, కాగితంలో చుట్టి. ఏ పని దగ్గరికి వెళ్ళినా ముందు కళ్ళతో చూసేవాడు కాదు. కుడిచేతి చిటికెన వేలు వెనక్కి తిప్పి, గోరు పక్కన ఉండే మెత్తటి చోటుతో అతుకు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి రాసేవాడు. బొటనవేలితో నొక్కేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట.

"బొటనేలుకి బలమెక్కువ, బుద్ధి తక్కువ. సిటికినేలుకి సిగ్గెక్కువ, అది నిజం సెప్తాది" అనేవాడు.

మిడిల్ పాయింట్ బజారులో ట్యూబు కొనడానికి వెళితే షాపువాడికి ఆ పూట గడిచినట్టే. ప్రతి ట్యూబూ చెయ్యంత దూరం పట్టుకుని తారీకు చదివేవాడు. పిసికి చూసేవాడు. పక్కన పెట్టేవాడు.

"అరే చాచా, కంపెనీ మాల్ హై, పక్కా" అనేవాడు షాపువాడు.

"మాల్ పక్కాయే భయ్యా. ఓడలో ఉడికి, నీ గోడౌన్లో కూకుని ముసిలిదైపోనాది. ఈ వయసులో ఇదింకేటి గట్టిపడతాది?"

అయిదు ట్యూబులు వెనక్కి నెట్టి ఒకటి తెచ్చుకునేవాడు.

ఇక అతని రేపు సంగతి. పని అవ్వగానే ఎవరైనా వచ్చి "మావా, నీళ్ళు పట్టొచ్చా?" అని అడిగితే "రేపు" అనేవాడు. రేపు వచ్చి అడిగితే మళ్ళీ "రేపు". ఒక పెద్దాఫీసరుగారి భార్య నాలుగు రోజులు ట్యాంకులో నీళ్ళు లేకుండా కూర్చుని, అయిదో రోజు బకెట్ పట్టుకుని మెట్లెక్కిందట. మావ ట్యాంకు మూత మీద కూర్చుని దిగనన్నాడట. "దీదీ, ఏక్ దిన్ ఔర్" అని, ఇంకొక్క రోజు ఆగమని చేతులు జోడించాడట గానీ కదల్లేదు.

ఎందుకింత నానుస్తాడని అడిగితే ఒకే మాట చెప్పేవాడు.

"అందరూ ఎండతాది ఎండతాది అంటారు. ఇది ఎండదు రా, తాగతాది. గాల్లో ఉన్న సెమ్మని తాగి గట్టిపడతాది. పైన ముందు తాగి తోలు కట్టీసుకుంటాది. ఆ తోల్లోంచి సెమ్మ లోపలికి దిగాల. ఎంత లోతెడితే అంత టైం. నువ్వు పైన ముట్టుకుని అయిపోనాదంటావు, లోపలది ఇంకా పాలు తాగే పసిగుడ్డు."

"తాగతాదంట, మావకి తోడు దొరికింది" అని కుర్రకారు నవ్వేది. పాపం అతను టీ తప్ప ఏమీ తాగేవాడు కాదు.

మరి లోపల గట్టిపడిందో లేదో ఎలా తెలుస్తుంది? అతుకును కోసి చూస్తే అతుకు పాడవుతుంది. అందుకు మావకొక పద్ధతి ఉండేది. ఏ పని చేసినా, అదే కర్ర ముక్క ఒకటి తీసుకుని, దానిలో అంతే లోతు గాడి తీసి, అదే ట్యూబుతో అదే పూట నింపేవాడు. దాన్ని దగ్గర్లో మేకుకు వేలాడదీసేవాడు. దాని పేరు సాక్షి. రోజూ వచ్చి జేబులోంచి బ్లేడు తీసి సాక్షిని కొంచెం కోసి చూసేవాడు. లోపల జిగురుంటే "రేపు". ఏ రోజు పైనుంచి అడుగుదాకా ఒకేలా రబ్బరులా తెగుతుందో ఆ రోజు "ఇంక దించుకోండి". అతను సరే అన్న పడవలో నీళ్ళొచ్చాయని ఎవరూ అనలేదు. ఒక్క మా పడవ తప్ప.

పదకొండేళ్ళ కిందట మా డోంగీ రాతికి తగిలి పక్క పలక పగిలింది. నాన్న పోయాక మాకు మిగిలింది ఆ చెక్కపడవ, మా అన్న రెక్కలు. వడ్రంగి కొత్త పడాక్ చెక్క పలక వేశాడు. పడవను ఇసుకలో ఒక పక్కకు వాల్చి, పలక చుట్టూ సందు పైకి వచ్చేలా పెట్టారు. సోమవారం పొద్దున్న మావ వచ్చి సందు అడుగున దూది దట్టించి, పైన సీలెంట్ నింపాడు. సాక్షి ముక్కను మా ఇంటి చూరు కింద మేకుకు తగిలించాడు. తర్వాత పడవ చుట్టూ నాలుగు కర్రలు పాతి నైలాన్ తాడు కట్టాడు.

"ఫెరార్‌గంజ్‌లో రేకుల పనుంది, గురువారం వస్తాను. అందాకా ఎవులూ తాడు దాటకండి. వానొచ్చినా, పిడుగొచ్చినా. దాని మానాన దాన్ని ఒగ్గీండి."

ఆ మాట నేను విన్నాను. విననట్టు నటించడానికి కూడా లేదు, పక్కనే నిలబడి ఉన్నాను.

సాయంత్రానికి మబ్బు పట్టింది. మా ఇంట్లో ఆడవాళ్ళకు మబ్బు కనిపిస్తే చెయ్యి దానంతట అదే పాలితిన్ వైపు పోతుంది. ఎండుచేపల మీద కప్పి, అంచులు ఇసుకతో తొక్కి, గాలి దూరకుండా బిగించడం నాకు నడక కంటే ముందు వచ్చిన పని. చేపలకు కప్పాను. ఇంకో పెద్ద పాలితిన్ మిగిలింది. పడవ వైపు చూశాను. తడి పెయింటు మీద వాన పడితే పాడవుతుంది, తడి సిమెంటు మీద పడితే పాడవుతుంది, ఇది మాత్రం పాడవదా? మావ మగవాడు, అతనికేం తెలుసు వానంటే అనుకున్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, ఎదుటివాళ్ళకేమీ తెలియదని గట్టిగా నమ్మే వయసు. తాడు కింద నుంచి దూరి సందు పొడుగునా పాలితిన్ పరిచాను. అంచులకు టేపు వేసి, టేపు మీద తడి ఇసుక అద్దాను. వాన కుండపోతగా కురిసింది. ఒక్క చుక్క లోపలికి పోలేదు.

అన్న ఆ మూడు రోజులూ ఇంజన్ బాగుకని షెడ్డులోనే ఉన్నాడు. వాన పూర్తిగా తెరిపివ్వలేదు కాబట్టి నేనూ తీయలేదు. గురువారం తెల్లారగానే, మావ వచ్చేస్తాడని గుర్తొచ్చి తీసేశాను. అతుకు శుభ్రంగా, పొడిగా మెరుస్తోంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అదే పొద్దున్న అందరి ఫోన్లకూ తుఫాను కబురు వచ్చింది. హార్బర్‌లో హెచ్చరిక జెండా ఎక్కింది. మా రేవు తెరిచిన చెయ్యిలాంటిది, అలకు అడ్డం ఏమీ ఉండదు. తుఫానంటే పడవలన్నీ గంట దూరంలో ఉన్న ఖాడీకి, అంటే మడచెట్ల మధ్య ఉప్పునీటి పాయలోకి, తీసుకుపోతారు. ఎనిమిదింటికల్లా అన్నీ వెళ్ళిపోయాయి. మాదొక్కటే ఇసుకలో మిగిలింది. మధ్యాహ్నం దాటితే సముద్రం మీదకు దించడం కుదరదు. ఒడ్డున వదిలేస్తే సాయంత్రానికి చెక్కలే.

మావ ఫెరార్‌గంజ్ నుంచి మొదటి బస్సుకు వచ్చాడు. బస్సు దిగిన చోటి నుంచి పరుగెత్తినట్టున్నాడు, రొప్పుతున్నాడు. సరాసరి మా చూరు దగ్గరికి వెళ్ళి సాక్షిని తీశాడు. బ్లేడుతో నిలువునా కోశాడు. అన్న, పడవ పనికి వచ్చే ఇద్దరు కలాసీలు, నేను, అమ్మ, అందరం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. కోసిన ముక్కను రెండు వేళ్ళతో లాగాడు. సాగి వెనక్కి వచ్చింది. వాసన చూశాడు.

"అడుగంటా గట్టిపడిపోనాది" అన్నాడు.

కలాసీలు కేక పెట్టారు. మావ పడవ దగ్గరికి నడిచి, తాడు దాటి, చిటికెన వేలు అతుకు మీద రాశాడు. సగంలో ఆగాడు. వెనక్కి వచ్చి మళ్ళీ రాశాడు.

"కొంచెం మెత్తగున్నట్టుంది. ఎవులైనా ముట్టుకున్నారేటి?"

"ఎవులు ముట్టుకుంటారు మావా? తాడు దాటితే నువ్వు సంపీవూ?" అన్నాడు అన్న.

మావ అందరి మొహాలూ చూశాడు. నా మొహమూ చూశాడు. నేను ఎండుచేపల వైపు చూశాను. తీసేసిన పాలితిన్ అక్కడే, చేపల పక్కన, ఇసుక అంటుకుని ఉంది.

"చాచా, ఆజ్ యా కల్?" అని అరిచాడు ఒక కలాసీ. ఇవాళా, రేపా అని. అల అప్పుడే చేపలు ఎండబెట్టే అరుగుదాకా వచ్చి వెళ్ళింది.

మావ చేతిలో ఉన్న సాక్షిని ఇంకోసారి చూశాడు. "ఇయ్యాలే" అన్నాడు. "దించండి."

నాకు తెలిసి అడిగిన మొదటిసారే అతను ఆ మాట ఎవరితోనూ అనలేదు, ఆరోజు తనకు సందేహం ఉండగా అన్నాడు. పడవ కింద దుంగలు పెట్టారు. హైస్సా అంటూ నెట్టడం మొదలుపెట్టారు. వాలి ఉన్న పడవ నిటారుగా లేచింది. ఇది తాగి గట్టిపడుతుంది అన్న మాట అప్పుడు, సరిగ్గా అప్పుడు, బుర్రలోకి దిగింది. మూడు రోజులు నేను దానికి తాగడానికేమీ ఇవ్వలేదు. పడవలో వెళ్ళేది మా అన్న.

పరుగెత్తి మావ చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను.

"మావా, నేను కప్పేను."

"ఏటి?"

"పాలితిన్. వానకి తడుస్తాదని. టేపేసి కప్పేను."

"ఎన్ని పూటలు?"

"సోమవారం సాయంకాలం నుంచి. ఇయ్యాల పొద్దున్నే తీసేను."

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అతను చాలా నెమ్మదిగా అన్నాడు.

"దాని నోరు కట్టీసేవే గుంటా."

సముద్రం వైపు చూశాడు. చేపల అరుగు వైపు చూశాడు. పడవ ముక్కు అప్పటికే నీళ్ళలో ఉంది. ఆపితే పడవ పోతుంది. ఆపకపోతే ఏం పోతుందో చెప్పలేం.

"గ్రీజు డబ్బా, ఓ గోనె ముక్క, ఓ పలక ముక్క. జల్దీ తే."

తెచ్చాను. అతను చొక్కా విప్పి నా చేతిలో పెట్టి, మోకాలి లోతు నీళ్ళలో నడిచి, రెండు చేతులతో అంచు పట్టుకుని పడవలోకి ఎక్కాడు.

"నువ్వెందుకు మావా? నీకీత కూడా రాదు గదా!" అని అన్న అరిచాడు.

"నా పని నాను సూసుకుంటాను. నువ్వు ఇంజన్ సూసుకో. ఒడ్డు ఒగ్గకు, నెమ్మదిగా పోనీ."

పడవ కదిలింది. నేను అతని చొక్కా గుండెకు పట్టుకుని రోడ్డెక్కి ఆటో ఆపాను. ఖాడీ వంతెన మీదకు వచ్చి నిలబడ్డాను. గాలి మనిషిని నిలవనివ్వడం లేదు. గంట అయింది. రాలేదు. గంటంపావు. చొక్కా జేబులో బ్లేడు కాగితం చించుకుని నా అరచేతికి గుచ్చుకుంటే కూడా తీయలేదు. దేవుళ్ళందరికీ మొక్కాను, అన్న వస్తే నిజం చెప్పేస్తానని ఒట్టు పెట్టుకున్నాను.

వంపు తిరిగి పడవ వచ్చింది. ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒక కలాసీ బకెట్‌తో, ఒకడు డబ్బాతో నీళ్ళు తోడి పోస్తున్నారు. మావ అడుగున, నడుముదాకా నీళ్ళలో కూర్చుని ఉన్నాడు. అతుకుకు గ్రీజు పూసిన గోనె, గోనె మీద పలక, పలక మీద తన వీపు ఆనించి, రెండు కాళ్ళూ ఎదుటి పక్కకు తన్నిపెట్టి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. మడచెట్ల మధ్య బురదలో పడవ ఆగాక కూడా అతనికి కాళ్ళు మడవడం రాలేదు. నేను వంతెన దిగి వచ్చేసరికి ఇద్దరు పట్టి లేపుతున్నారు. వెనక్కి తిరిగినప్పుడు చూశాను. నీళ్ళ ఒత్తిడికి పచ్చి సీలెంట్ లోపలికి పొంగి, గోనె దాటి, వీపంతా బూడిదరంగు మరకలు కట్టింది.

అన్న భయం అంతా కోపమైంది. "ఇదేనా నీ సాక్షి? ఇదేనా నీ పక్కా పని? పేణాలు పోనుండేవి మావా!" అని వంతెన దద్దరిల్లేలా అరిచాడు. ఖాడీలో ఉన్న పడవలవాళ్ళంతా చుట్టూ చేరారు.

"అవున్రా" అన్నాడు మావ. "తొందరపడ్డాను. నా తప్పే."

నావైపు చూడలేదు. పొరపాటున కూడా చూడలేదు. చూస్తే నలుగురూ చూస్తారని కాబోలు. నా నోటికి ఎవరూ టేపు వేయలేదు. చొక్కా అతని చేతికిచ్చి ఊరుకున్నాను.

ఆ సాయంత్రం తుఫాను మా రేవును ఊడ్చేసింది. పడవ పడుకున్న చోట ఇసుక కూడా మిగల్లేదు. పడవ మాత్రం ఖాడీలో భద్రంగా ఉంది. ఆ మాట ఎవరికీ గుర్తులేదు. రేపు మావ ఒకే ఒక్కసారి 'ఇవాళ' అన్నాడు, పడవ మునగబోయింది, అంతే చెప్పుకున్నారు. మా అన్న అందరికంటే బాగా చెప్పేవాడు, అభినయంతో సహా. డోంగీల పని మావకు తగ్గిపోయింది. రేకులు, బాత్రూములు మిగిలాయి.

వారం తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని కర్రముక్కలకు గాడి తీస్తున్నాడు. పని ఒక్కటే అయినా ముక్కలు రెండేసి చేస్తున్నాడు.

"రెండెందుకు మావా?"

"ఒకటి గాలికి. ఒకటి పని మీదే మేకు కొట్టీడానికి. దాన్ని కప్పితే ఇదీ కప్పబడతాది." ఉలి ఊది పక్కన పెట్టాడు. "సాక్షి అబద్ధం సెప్పలేదే. దాని సంగతి అది సెప్పింది. నానే దాని మాట ఇంకోదానికి అంటించీసేను."

"అన్నకి చెప్పేస్తాను మావా. అందరికీ చెప్పేస్తాను."

అతను నవ్వాడు. ఆ వీపు మరకలు ఇంకా పోలేదు, బనియన్ పైనుంచి కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు సెప్తే మీ అన్న నిన్ను నరికి ఉప్పేస్తాడు. ఆడికి కోపం దిగనీ. తొందరేటి నేదు. రేపు సెప్దువులే."

నేను ఆ మాటను పట్టుకున్నాను. అతను జాలితో ఇచ్చిన ఒక్క రోజును నేను పదకొండేళ్ళు వాడుకున్నాను. పెళ్ళయింది, ఉద్యోగం వచ్చింది, ఎక్కడ కనిపించినా "ఏటే గుంటా, బాగున్నావా" అనేవాడే తప్ప, చెప్పావా అని ఒక్కసారీ అడగలేదు. అతను పోయిన రోజు పాడె పట్టిన నలుగురిలో మా అన్న ఒకడు. తిరిగి వస్తూ దారిలో "రేపు పోతానని సెప్పి ఇయ్యాలే పోనాడు మావ" అని కళ్ళు తుడుచుకుంటూనే జోకు వేశాడు. అందరూ తడికళ్ళతో నవ్వారు. అప్పుడూ నేను చెప్పలేదు.

నిన్న టీ తెచ్చి అన్న చేతికిచ్చాను. ఎదురుగా కూర్చున్నాను.

"అన్నా, ఆ డోంగీ అతుకు పాడుచేసింది నేను."

మొత్తం చెప్పాను. పాలితిన్, టేపు, తడి ఇసుక, మావ నా మొహం చూసినప్పుడు నేను ఎటు చూశానో అది కూడా. అన్న టీ తాగలేదు. గ్లాసు చేతిలోనే చల్లారింది. బయట మళ్ళీ తుంపర మొదలైంది.

"మునిగితే ఆడికీత రాదు" అన్నాడు చివరికి. "తెలిసే ఎక్కేడన్నమాట."

"ఊఁ."

"పదకొండేళ్ళు ఆడి మీద నవ్వించేను నాను. ఒక్కపాలి సెప్పలేకపోనావేటే?"

"రేపు చెప్దామనుకున్నాను అన్నా."

అన్న లేచాడు. నావైపు చూడకుండా బయటికి నడిచాడు. వెళ్ళిపోతున్నాడేమో అనుకున్నాను. కిటికీ అవతల ఆగాడు. టేపు ఒక్కో అంచూ ఊడబీకి, పాలితిన్ కిందికి లాగి, ఉండచుట్టి గోడ పక్కకు విసిరాడు. వానలో తడుస్తూనే చిటికెన వేలు వెనక్కి తిప్పి, మావ రాసినట్టే, ఆ పూత మీద ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా రాశాడు.